మంచు కింద గొలుసుకట్టు చెరువులు

1957 డిసెంబరులో సోవియట్ యూనియన్ తూర్పు అంటార్కిటికాలో వోస్టోక్ స్థావరం తెరిచినప్పుడు, కాళ్ళ కింద 250 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉందని ఎవరికీ తెలియదు. 1959లో, మళ్ళీ 1964లో సోవియట్ భూగోళ శాస్త్రవేత్త ఆండ్రీ కపిత్సా పేలుళ్ళ తరంగాలతో అక్కడి మంచు మందం కొలిచాడు. 1970లలో విమానాల రాడార్లకు అడుగున నీటి జాడ తగిలింది. 1993లో ఈఆర్‌ఎస్-1 ఉపగ్రహం కొలతలు చూస్తే, సరస్సు ఉన్నంత మేరా పైనున్న మంచు కూడా చదునుగానే ఉంది. కపిత్సా పాత రికార్డులను వీటితో జోడించి చదివాక, 1996కి గానీ సరస్సు ఎంత పెద్దదో తేలలేదు.

పైన మైనస్ 89.2 డిగ్రీలు నమోదైన చోట కింద నీళ్ళెలా? దాదాపు నాలుగు కిలోమీటర్ల మంచు బరువుకు పీడనం మామూలు గాలి పీడనానికి సుమారు 350 రెట్లవుతుంది. అక్కడ మంచు మైనస్ 3 దగ్గరే కరుగుతుంది. భూమి లోపలి నుంచి వచ్చే కొద్దిపాటి వేడిని పైనున్న మంచే దుప్పటిలా పట్టి ఉంచుతుంది.

ఆ నీటిని చేరడంలో చిక్కంతా బోరుతో వచ్చింది. లోతైన బోరును ఖాళీగా ఉంచితే చుట్టూ ఉన్న మంచు నొక్కి మూసేస్తుంది. అందుకే కిరోసిన్ నింపారు. అది మంచుకన్నా తేలిక కాబట్టి, బరువు సరిపోవడానికి ఫ్రియాన్ అనే బరువైన రసాయనం కలిపారు. 1998లో 3,623 మీటర్ల దగ్గర, నీటికి 130 మీటర్ల పైన, కలుషితమవుతుందన్న భయంతో ఆపేశారు. చివరికి 2012 ఫిబ్రవరి 5న 3,769 మీటర్ల దగ్గర నీరు తగిలింది. బోరులోని ద్రవం పీడనం ముందే తగ్గించి ఉంచడంతో, కిరోసిన్ కిందికి దిగకుండా సరస్సు నీరే పైకి ఎగదన్ని గడ్డకట్టింది. లెక్క బాగానే కుదిరింది గానీ, పైకొచ్చిన నీరు కిరోసిన్‌ను తాకేసింది. ఆ నమూనాలో దొరికిన సూక్ష్మజీవి సరస్సుదా, బోరుదా అన్న వాదన అక్కడే మొదలైంది.

ఇంతలో 2006లో అసలు ఊహే మారింది. అప్పటిదాకా ఈ సరస్సులంటే లక్షల ఏళ్ళుగా మూతబిగించిన సీసాలని నమ్మకం. తూర్పు అంటార్కిటికాలో ఒకచోట మంచు ఉపరితలం 16 నెలల్లో 3 మీటర్లు కుంగిందని, 290 కిలోమీటర్ల అవతల ఉబ్బిందని ఉపగ్రహ కొలతలు చూపాయి. కదిలిన నీరు 1.8 ఘన కిలోమీటర్లు, మన లెక్కలో 64 టీఎంసీల దాకా. కాకతీయుల చెరువుల్లా ఒకటి నిండితే కింది దానికి పారుతుందన్నమాట. తేడా ఏమిటంటే ఇక్కడ గట్టు మంచే: నీటి పీడనం పెరిగి దాన్ని ఎత్తితే దారి తెరుచుకుంటుంది. పైగా నీరు ఎటు పోవాలో నేల వాలుకన్నా మంచు ఉపరితలం వాలు పదింతలు ఎక్కువగా నిర్ణయిస్తుంది, కాబట్టి ఎగువకూ పారగలదు. బర్డ్ హిమానీనదం కింద ఇలాంటి వరద వచ్చినప్పుడు ఆ హిమానీనదం జారే వేగం పది శాతం పెరిగింది. అంటే ఒక సరస్సును పాడుచేస్తే, దిగువ సరస్సులకూ ముప్పే.

ఆ తర్వాత చాలామంది వేడినీటి డ్రిల్లింగ్‌కు మళ్ళారు. వడగట్టి, అతినీలలోహిత కాంతితో శుద్ధిచేసిన నీటితో మంచు కరిగిస్తూ దిగడం. 2012 డిసెంబరులో ఎల్స్‌వర్త్ సరస్సు దగ్గర బ్రిటిష్ బృందం ఇదే చేసింది. కానీ వాడిన నీటిని తిరిగి తోడుకునేందుకు 300 మీటర్ల లోతులో అసలు బోరును, పక్క బోరును కలపాల్సిన నీటి గది కుదరలేదు. నీటిని వెనక్కి తోడుకోలేక, ఇంధనం అయిపోవస్తుంటే వదిలేశారు. మరుసటి నెలే అమెరికన్లు 800 మీటర్ల మంచు దాటి విలన్స్ సరస్సు చేరారు. నీటి లోతు రెండు మీటర్లే, కానీ ఒక్కో మిల్లీలీటరులో లక్షకు పైగా సూక్ష్మజీవకణాలు. ఈ బోర్లలో ఉండేది నీరే కాబట్టి పక్కల నుంచి గడ్డకడుతూ సన్నబడతాయి. పరికరాలు దింపే మధ్యలో మళ్ళీ వేడినీరు పంపి వెడల్పు చేసుకుంటూ, ఉన్న కొద్ది రోజుల్లోనే పని ముగించుకోవాలి.