ఏ పరుపు కొనమంటారు?

"నమస్తే అండీ, ఒక్క నిమిషం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదు. ఏ పరుపు కొనమంటారు?"

వారానికి నాలుగైదుసార్లు వస్తుందీ ఫోను. అమ్మకి నొప్పి సరిగ్గా ఎక్కడ, ఎన్నింటికి మెలకువ వస్తోంది, పొద్దున్నే లేచాక కాళ్ళు స్వాధీనంలోకి రావడానికి ఎంతసేపు పడుతోంది, ఇవేవీ చెప్పరు. పరుపు పేరు చెప్పాలంతే. ఒకాయనైతే కొట్లోంచే చేసి, "స్పీకర్ పెడుతున్నానండీ, ఈయనతో మీరే మాట్లాడండి" అన్నాడు. నేను ఫిజియోథెరపిస్టుని. రాజమండ్రిలో 19 ఏళ్ళుగా కీళ్ళనొప్పుల వాళ్ళతోనే నా పని. నాకు పరుపుల కొట్టు లేదు, కమీషనూ లేదు. ఉండుంటే ఈపాటికి ఇంటి మీద ఇంకో రెండంతస్తులు లేచేవి.

ఫోన్ చేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. రాత్రి రెండింటికి పక్కగదిలోంచి అమ్మ మూలుగు వినిపిస్తుంటే ఏదో ఒకటి కొని తెచ్చి పడేద్దామనే అనిపిస్తుంది ఎవరికైనా. నా చిరాకంతా ఆ పరుపు వెనకున్న మాట మీద.

అపోహ: నొప్పులున్నవాళ్ళు గట్టి చెక్క మీదో, నేల మీదో పడుకోవాలి

నేను చూసినంతలో జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇదే.

ఇది ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు మన ఇళ్ళల్లో నులక మంచాలు, నవారు మంచాలే. నవారు ఎప్పటికప్పుడు బిగించకపోతే మధ్యలో ఉయ్యాలలా దిగిపోయేది. అందులో పడుకున్న మనిషి నడుం వంగిపోయి పొద్దున్నే లేవలేకపోయేవాడు. "దీని మీద వద్దు, బల్ల మీద పడుకో" అని డాక్టర్లు చెప్పేవారు. ఆ మంచానికి ఆ మాట సబబే. నవారు పోయింది, ప్లైవుడ్ మంచాలొచ్చాయి, మాట మాత్రం మిగిలిపోయింది. ఆ పైన "ఆర్థోపెడిక్" అని పేరు తగిలించి బండరాయిలాంటి పరుపులు అమ్ముతున్నారు. ఆ పేరు చూడగానే డాక్టరు రాసిచ్చినట్టే అనుకుంటారు మనవాళ్ళు.

చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మంది మీద స్పెయిన్‌లో చేసిన ఒక పరిశోధన 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సగంమందికి గట్టి పరుపు, సగంమందికి మధ్యరకం పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకి చెప్పలేదు. 90 రోజులయ్యాక పడుకున్నప్పుడు నొప్పి, లేచేటప్పుడు నొప్పి, పగటి పనులకి అడ్డం, అన్నిటిలోనూ మధ్యరకం పరుపు వాళ్ళే మెరుగ్గా ఉన్నారు. అది నడుం సంగతి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకైతే చెక్క ఇంకా కష్టం. పక్కకి తిరిగి పడుకుంటే బరువంతా భుజం ఎముక మీద, తుంటి ఎముక మీద పడుతుంది. పావుగంటకోసారి పక్క మార్చాలి. మార్చినప్పుడల్లా మెలకువ.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ చెక్క మీద పడుకోమనేవాణ్ణి. ధవళేశ్వరం నుంచి ఒక మామ్మగారు వచ్చేవారు. రెండు మోకాళ్ళూ అరిగాయి, నడుం కూడా అంతంతమాత్రం. "నేల మీద చాప వేసుకుని పడుకోండి మామ్మగారూ" అన్నాను. ఆవిడ చెప్పినమాట వినే మనిషి. మూడువారాల తర్వాత వాళ్ళ కోడలు వచ్చింది. "అత్తయ్యగారు సాయంత్రం అయిదు దాటితే మంచినీళ్ళు ముట్టుకోవట్లేదండీ, రాత్రి లేవాల్సొస్తుందని" అంది. లేవాల్సి వస్తే ఆవిడ బోర్లా తిరిగి, గుమ్మం దాకా పాక్కుంటూ వెళ్ళి, ద్వారబంధం పట్టుకుని లేచేవారట. ఇంట్లో ఎవరినీ లేపడం ఇష్టం లేక. మే నెల, నీళ్ళు మానేశారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరారు. నా సలహా ఫలితం అది. తర్వాత కనబడినప్పుడు "నువ్వు మాత్రం ఏం చేస్తావు బాబూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నేను చూసేవి మూడే. మంచం మధ్యలో గుంట పడిందా. పడుకున్న మనిషి సులువుగా పక్కకి తిరగగలుగుతున్నారా (ఒంటిని మింగేసే మెత్తటి ఫోమ్ పరుపుల్లో తిరగడమే పెద్ద పని). మంచం అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆని, తుంటి మోకాలి కన్నా కాస్త ఎత్తులో ఉంటోందా. పరుపు మరీ గట్టిగా ఉంటే పైన రెండు బొంతలు పరవండి, చాలు. మంచం కిందకుంటే కోళ్ళ కింద దిమ్మలు పెట్టించండి, వడ్రంగి చేత గట్టిగా. ఇటుకలు పెట్టొద్దు, జారతాయి. మా అమ్మ మంచానికి చేయించినవి వేపచెక్క దిమ్మలు. పరుపు మాత్రం పాత కొబ్బరిపీచు పరుపే.

పోయేది డబ్బొక్కటే అయితే పరుపుల గురించి ఇంత రాయను. ఏళ్ళు పోతున్నాయి.

ఒక మెడికల్ రెప్ కుర్రాడు, 27 ఏళ్ళు. నడుం కింద, పిర్రల్లో నొప్పి. రోజంతా బైక్ మీద తిరుగుడు కాబట్టి బైక్ వల్లే అన్నారు అందరూ. సీటు మార్పించాడు. చెక్క మీద పడుకున్నాడు. నాలుగేళ్ళలో మూడు పరుపులు కొన్నాడు, మూడోదాని ఈఎంఐ ఇంకా నడుస్తోంది. నా దగ్గరికి వచ్చింది నాలుగోదాని గురించి అడగడానికే.

"రాత్రి ఎన్నింటికి మెలకువొస్తుంది?"

"మూడు, మూడున్నరకండీ."

"లేచి ఏం చేస్తావు?"

"డాబా మీద తిరుగుతానండీ. అరగంట తిరిగితే సర్దుకుంటుంది. మళ్ళీ పడుకుంటే మళ్ళీ మామూలే."

రోజూ డాక్టర్లని కలవడమే ఉద్యోగం. ఒక్కరికీ ఈ మాట చెప్పలేదు. తప్పు పరుపుదేనని అంత నమ్మకం.

అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. లోపల వాపుతో వచ్చే నొప్పి దీనికి తలకిందులు: పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. 40 ఏళ్ళ లోపు మెల్లగా మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున లేపేసి, నడిస్తే సర్దుకునే నడుంనొప్పి అంటే ముందు అనుమానించాల్సింది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌ని, అంటే వెన్ను కీళ్ళలో వాపు తెచ్చే జబ్బుని. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. తుంటి దగ్గరి సాక్రోఇలియాక్ కీళ్ళకి ఎంఆర్‌ఐ తీస్తే బయటపడుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 రక్తపరీక్ష కొంత దారి చూపిస్తుంది. వదిలేస్తే కొందరికి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వెళ్ళాల్సింది రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతాల డాక్టరు దగ్గరికి. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది, ఇప్పుడు పెద్ద పట్టణాల్లోనూ దొరుకుతున్నారు. ఆ కుర్రాడు వైద్యంలో ఉన్నాడు, వ్యాయామాలు నా దగ్గరే చేస్తున్నాడు. మూడో పరుపు మీద వాళ్ళ నాన్నగారు పడుకుంటున్నారు.

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడి వాపు తెచ్చే జబ్బు) ఉన్నవాళ్ళ కథా దగ్గరదగ్గర ఇదే. వాపుని అణిచే కార్టిసాల్ అనే హార్మోను అర్ధరాత్రి వేళకి బాగా తగ్గి ఉంటుంది. వాపుని రెచ్చగొట్టే ఐఎల్-6 అనే పదార్థం తెల్లవారుజామున పెరుగుతుంది. అందుకే నాలుగింటికి వేళ్ళు బిగుసుకుపోయి మెలకువ వస్తుంది. మోకాలు అరిగినవాళ్ళకి పొద్దుటి బిగుతు మామూలుగా అరగంటలోపు వదులుతుంది. గంట దాటుతోందంటే ఆలోచించాలి. ఆడవాళ్ళు నాతో "గంట" అని చెప్పరు. "ముగ్గు చుక్క పడట్లేదండీ, పిండి వేళ్ళలోంచి జారట్లేదు" అంటారు. ఆ మాట వినగానే నేను వ్యాయామాల చార్టు పక్కన పెట్టి రుమటాలజిస్టుకి చీటీ రాస్తాను.

అపోహ: మోకాలి కింద దిండు పెట్టుకుంటే మంచిది

హాయిగా ఉంటుంది, నిజమే. కాదనను. వెల్లకిలా పడుకుని మోకాలి కింద దిండు పెడితే కీలు కాస్త వంగి, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. రాత్రంతా, నెలల తరబడి అలాగే ఉంచితే ఆ వంపు అక్కడే స్థిరపడుతుంది. మోకాలు పూర్తిగా చాపలేరు. చాపలేని మోకాలితో నడిస్తే తొడ కండరానికి విశ్రాంతి ఉండదు, నొప్పి రెట్టింపు. మోకీళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు అసలు పెట్టకూడదు. పక్కకి తిరిగి పడుకుని రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి, అది మంచిది. భుజం నొప్పి ఉంటే నొప్పి లేని వైపు తిరిగి, ఒక దిండుని వాటేసుకున్నట్టు పట్టుకుని నొప్పి చెయ్యి దాని మీద ఆనించండి. చెయ్యి ముందుకి వేలాడకుండా ఉంటే సగం బాధ తగ్గుతుంది.

అపోహ: నిద్ర పట్టకపోతే తొందరగా పడుకోవాలి, నొప్పి తగ్గితే నిద్ర అదే వస్తుంది

ఎనిమిదింటికి మంచమెక్కి, పదకొండు దాకా దొర్లి, మూడింటికి లేచి, ఏడు దాకా మంచం వదలరు. పదకొండు గంటలు మంచం మీద, నిద్ర నాలుగు గంటలు. మళ్ళీ మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు. కదలకుండా పడుకున్న కీలు బిగుసుకుంటుంది, బిగుసుకున్న కీలు నిద్ర లేపుతుంది. నొప్పి వల్ల నిద్ర చెడడం ఎంత నిజమో, నిద్ర లేక మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తెలియడం కూడా అంతే నిజం. ఒకటి తగ్గేదాకా రెండోదాన్ని వదిలేయకూడదు.

లేచే టైము ఒకటి పెట్టుకోండి, రాత్రి ఎలా గడిచినా అదే టైముకి లేవండి. నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కండి. చాలాసేపు పట్టకపోతే లేచి కుర్చీలో కూర్చోండి. పగటి కునుకు అరగంట దాటనివ్వొద్దు. సాయంత్రం టీ మానేయండి అంటే గోదావరి జిల్లాలో నన్ను కొడతారు, కనీసం నాలుగింటికే ముగించండి. పడుకోబోయే గంట, గంటన్నర ముందు వేడినీళ్ళ స్నానం చేసి, ఓ పది నిమిషాలు కీళ్ళు ఆడించండి. మొదటి వారం రెండు వారాలు పగలు తూగు వస్తుంది, విసుగొస్తుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు. తూగుతూ బండి మాత్రం నడపకండి.

ఇక మందుల పొట్లం. పేరు లేని కవర్లో నాలుగు రంగుల బిళ్ళలు, "రాత్రికి వేసుకోమన్నారండీ, హాయిగా నిద్ర పట్టింది" అని చూపిస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే వాపు దిగి నొప్పి తగ్గుతుంది, తగ్గాక మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. చాన్నాళ్ళు వాడినదాన్ని మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరుకి చూపించే ఆపాలి. ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. పెద్దవాళ్ళు అవి వేసుకుని రాత్రి బాత్రూంకి లేచి తూలి పడతారు. తుంటి విరిగి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళున్నారు. గురక గట్టిగా పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళకి ఇంకా ముప్పు. డాక్టరు రాసిన నొప్పి మాత్రే ఏ వేళ వేసుకుంటే రాత్రి గడుస్తుందో ఆ డాక్టర్నే అడగండి. చాలామంది అడగరు.

మిగతావి గబగబా. రాత్రి పెరుగు తింటే వాతం రాదు. వంకాయకీ మోకాలి అరుగుదలకీ సంబంధం లేదు. పప్పు తింటే గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్ళలో చేరి వచ్చే వాపు) రాదు. గౌట్ మాత్రం పగటికన్నా రాత్రిళ్ళే ఎక్కువగా పట్టుకుంటుంది, బొటనవేలు ఎర్రగా ఉబ్బి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే పెరుగన్నాన్ని అనుమానించకుండా డాక్టర్ని చూడండి. ఏసీ కీళ్ళని పాడుచేయదు. చల్లదనానికి బిగుతు ఎక్కువనిపిస్తే సాక్సు వేసుకోండి, దుప్పటి కప్పుకోండి.

ఒక్కదాని దగ్గర ఆగుతాను. "సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు పీకేస్తాయండీ, ఎవరైనా తొక్కితే బాగుండు అనిపిస్తుంది, లేచి తిరిగితే పోతుంది" అనే నలభైల్లో ఉన్న ఆడవాళ్ళు చాలామంది. కీళ్ళవాతం అనుకుని వస్తారు. కీళ్ళు చూస్తే శుభ్రంగా ఉంటాయి. వీళ్ళలో చాలామందికి ఒంట్లో ఐరన్ నిల్వలు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి.

ఫోన్ చేసేవాళ్ళు చేయండి, పర్లేదు. కాకపోతే ముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: అమ్మ ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి మెలకువొచ్చింది, ఏ కీలు లేపింది, లేచి తిరిగితే తగ్గిందా పెరిగిందా, పొద్దున వేళ్ళు వదులవడానికి ఎంతసేపు పట్టింది. ఆ కాగితం చూసి మాట్లాడదాం. పరుపుల కొట్టాయన లైన్లో లేకుండా.