పాలమూరు నుంచి బొంబాయికి: కరువు ఒక్కటే కారణమా?

ఎన్నికలు దగ్గరపడితే నారాయణపేట, కొడంగల్, మక్తల్ వైపు నాయకులకు బొంబాయి గుర్తొస్తుంది. ఓటు ఇక్కడ, బతుకు అక్కడ ఉన్నవాళ్లను ఎవరు తోలుకొస్తారు, బస్సు కిరాయి ఎవరు పెట్టుకుంటారు అన్నది సర్పంచ్ ఎన్నికల్లో కూడా పెద్ద లెక్కే. పోలింగ్ అయిపోయాక వాదన మొదలవుతుంది. ప్రాజెక్టులొచ్చి వలసలు ఆగిపోయాయని ఒక పార్టీ అంటుంది. ఎక్కడ ఆగాయి, బొంబాయి బస్సు ఇంకా పోతనే ఉంది కదా అని ఇంకో పార్టీ అంటుంది. ఇద్దరూ ఒప్పుకునే మాట ఒక్కటే: పాలమూరు కరువు జిల్లా, కరువుకు జనం వలస పోయారు.

ఇక్కడ వానలు తక్కువన్నది నిజమే. కానీ కరువు మనిషిని ఊళ్లోంచి కదిలిస్తుంది గాని, ఆరేడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫలానా ఊరికే పొమ్మని చెప్పదు. హైదరాబాద్ పక్కనే ఉండగా తాతల కాలం నుంచి బొంబాయికే ఎందుకు పోయినట్టు? దీనికి ముందు బొంబాయి ఎట్లా తయారైందో చూడాలి.

ఇవాళ మహారాష్ట్రకు రాజధాని, అంతకుముందు బొంబాయి ప్రెసిడెన్సీకి రాజధాని అయిన ఆ మహానగరం మొదట్లో ఏడు చిన్న దీవులు. 1661లో పోర్చుగీసు రాకుమారిని ఇంగ్లండ్ రాజుకిచ్చి పెళ్లి చేస్తూ ఆ దీవుల్ని కట్నంగా రాసిచ్చారు. ఆయన వాటిని 1668లో ఏడాదికి 10 పౌన్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టాడు. 1687లో కంపెనీ తన పశ్చిమ తీరపు ప్రధాన స్థావరాన్ని సూరత్ నుంచి ఇక్కడికి మార్చింది. ఓడలు ఆగడానికి ఇంతకంటే మంచి రేవు ఆ తీరంలో లేదు. లేనిదల్లా నేల. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం దీవుల మధ్యకు వచ్చేది, దిగిపోయాక బురద మిగిలేది. 1784 నాటికి వర్లి దగ్గర రాతికట్ట వేసి సముద్రాన్ని ఆపారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఆ ఊళ్లో జరిగిన ముఖ్యమైన పని గుట్టలు తవ్వడం, గుంతలు పూడ్చడం, రోడ్లు వేయడం. అంటే మట్టిపని.

మట్టిపనికి మనుషులు ఎక్కడ దొరుకుతారు? చెరువులున్న దేశంలో దొరుకుతారు. కట్ట పోయడం, రాయి కొట్టడం, పూడిక తీయడం నిజాం రాజ్యంలోని తెలుగు కూలీలకు తరాలుగా చేతికి వచ్చిన పని. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే వాళ్లు బొంబాయి చేరడం మొదలైంది. అక్కడివాళ్లు వాళ్లను కామాటీలు అన్నారు. కట్ట పడ్డాక తేరిన పల్లపు నేలలో వాళ్లు గుడిసెలు వేసుకున్న పేటకు కామాటిపురా అని పేరు పడింది. ఇవాళ ఆ పేరు చెబితే ఎవరికైనా తట్టేది ఒకే సంగతి: వ్యభిచార వాడ. కానీ ఆ పేట నంబర్ల గల్లీల్లో కూలీ తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలు బతికాయి, బీడీలు చుట్టాయి, పిల్లల్ని మునిసిపాలిటీ తెలుగు బడికి పంపాయి. సినిమాలు చూసి ఆ పేటను తెలుసుకున్నవాళ్లకు ఇది తెలియకపోవడంలో వింతేమీ లేదు.

పోయినవాళ్లంతా కూలీలుగానే మిగిలిపోలేదు. కొందరు గుత్తేదార్లయ్యారు, పెద్ద పెద్ద కట్టడాల పనులు పట్టారు. మహాత్మా ఫూలే 1873లో కుల వివక్షను ఎదిరించే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయన వెంట నిలిచినవాళ్లలో ఈ తెలుగు గుత్తేదార్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు పేరు అందులో ముందుంటుంది. 1888 మే 11న మాండ్వి కోలివాడ సభలో ఫూలేకు ‘మహాత్మా’ అని బిరుదిచ్చిన ఊరు అదే. మన పాఠ్యపుస్తకాల్లో ఫూలే ఉన్నాడు గాని ఆయన పక్కనున్న తెలుగువాళ్లు కనబడరు.

ఈలోపే రైలు కూడా వచ్చింది. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు మొదటి రైలు నడిచిన సంగతి అందరికీ తెలిసిందే. పాలమూరుకు లెక్కలోకి వచ్చే ఏడాది మాత్రం 1871. బొంబాయి నుంచి వచ్చిన రైలుదారి ఆ ఏడాది రాయచూరు దగ్గర మద్రాసు నుంచి వచ్చిన దారితో కలిసింది. ఆ దారి కృష్ణానదిని దాటేది నేటి నారాయణపేట జిల్లా అంచునే. అక్కడి స్టేషన్ పేరు కూడా కృష్ణే. మక్తల్ వైపు ఊళ్లవాళ్లు బండి కట్టుకుని ఆ స్టేషన్‌కు చేరితే చాలు, నేరుగా బొంబాయే. మహబూబ్‌నగర్ పట్నానికి రైలు రావడానికి ఇంకా నలభై ఏళ్లకు పైగా పట్టింది. నారాయణపేట వైపు జనానికి మరాఠీ, కన్నడం కొత్త కావు. నేత చీరల బేరం కూడా ఆ దిక్కుకే. కాబట్టి బొంబాయి వాళ్లకు పరాయి దేశంలా అనిపించలేదు.

ఇదే కాలంలో రేవు కూడా పెరిగింది. 1861–65 అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయి ఇంగ్లండ్ మిల్లులు బొంబాయి మీద పడ్డాయి. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. 1873లో పోర్ట్ ట్రస్ట్ ఏర్పడింది, 1880లో ప్రిన్సెస్ డాక్ కట్టారు. ఊళ్లో నూలు మిల్లులు బారులు తీరాయి. మిల్లుల్లోకి నల్గొండ, కరీంనగర్ పద్మశాలీలు పోయారు, డాకులు, రోడ్ల పనుల్లోకి పాలమూరు మట్టిపనివాళ్లు పోయారు. వర్లి, పరేల్ చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ల బారుల్లో, పది అడుగుల గదిలో పదిమంది సర్దుకున్నారు. పగటి పాళీవాళ్లు లేచిన చాప మీద రాత్రి పాళీవాళ్లు వచ్చి పడుకునేవాళ్లు. నల్లా దగ్గర తెల్లవారుజాము నుంచే వరుస. 1896లో ప్లేగు వచ్చి ఊరు సగం ఖాళీ అయ్యాకే ఆ గదుల్లోకి గాలి, వెలుతురు రావాలన్న సంగతి సర్కారుకు తట్టింది. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. 1920ల్లో వర్లి, నాయ్‌గావ్ వైపు బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లు కట్టారు. అందులోనూ ఒక్కో కుటుంబానికి ఒక్కటే గది, అంతస్తు మొత్తానికి ఉమ్మడి పాయఖానాలు.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది పని ఆపారు. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. తెలుగు నేతవాళ్లు కొందరు భివండి పవర్‌లూమ్‌లకు మళ్లారు, కొందరు ఇంటికి తిరిగొచ్చారు. మిల్లు నేలల్లో తర్వాత మాల్స్, టవర్లు లేచాయి. వాటితో బొంబాయికి మళ్లీ మట్టిపనివాళ్లు కావలసి వచ్చారు.

ఇప్పుడు ఇటు వైపు చూద్దాం. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాల కింద, జాగీర్ల కింద ఉన్న పాలమూరులో వెట్టి ఉన్నంతకాలం పేదవాడికి ఊళ్లో కూలి డబ్బు చేతికి రావడమే అరుదు. ఆ సందులోకి మేస్త్రీ వచ్చాడు. పెళ్లి, చావు, పాత అప్పు... ఏ అవసరం పడితే ఆ అవసరానికి ముందే డబ్బిచ్చి, బదులుగా ఒక సీజన్ పని రాయించుకోవడం అతని పద్ధతి. గుత్తేదారు ఇచ్చిన అడ్వాన్స్‌ను గుంపు మేస్త్రీ పంచుతాడు. దసరా, దీపావళి దాటాక గుంపు కదులుతుంది. తిరిగొచ్చేటప్పుడు లెక్క చూస్తే తిండి ఖర్చు, మందుల ఖర్చు, నాగా పెట్టిన రోజులు అన్నీ పోను మళ్లీ మేస్త్రీకే బాకీ. లెక్క పుస్తకం అతని దగ్గరే ఉంటుంది, చదివేదీ అతనే. నాగార్జునసాగర్ సహా దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర ‘పాలమూరు లేబర్’ ఒక బ్రాండ్ పేరైంది ఈ ఏర్పాటుతోనే.

అందరి పొలాలకూ నీళ్లు కట్టిన ఈ మనుషుల సొంత పొలాలకు రావలసిన నీళ్లు కాగితాల మీదే ఆగాయి. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే పాలమూరులో. పాత హైదరాబాద్ రాష్ట్రం అనుకున్న ఎగువ కృష్ణా, భీమా పథకాల్లో ఈ జిల్లాకు వాటా ఉండేది. 1956లో రాష్ట్రాలు విడిపోయి కలిసినప్పుడు ఆ పథకాల తలకాయ కర్ణాటకలో ఉండిపోయింది, తోక తెగిపోయింది. తర్వాత కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునలే ఈ నష్టాన్ని గుర్తించి జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు కేటాయించింది. 1981లో శంకుస్థాపన చేసిన జూరాలలో నీళ్లు నిలిచేసరికి 1990ల నడిమికి వచ్చాం. అలంపూర్ వైపు 87,500 ఎకరాలకు నీళ్లివ్వాల్సిన రాజోలిబండ కాలువ చివరి ఊళ్లకు సరిగ్గా పారిన ఏడాది అరుదు.

శ్రీశైలం సంగతి ఇంకా చేదు. 1981లో జలాశయం నింపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి అలంపూర్‌కు తరలించి మళ్లీ నిలబెట్టారు, మంచి పనే చేశారు. మునిగిన ఊళ్ల రైతులకు మాత్రం ఆ పాటి జాగ్రత్త దక్కలేదు. నది ఒడ్డున రెండు పంటలు పండించుకున్నవాళ్లు కూలికి పోవలసి వచ్చింది. వాళ్లను కూడా ‘కరువు వలస’ కింద రాసేశారు. నా అభ్యంతరం ఇక్కడే. నీళ్లు ముంచి వెళ్లగొట్టినవాళ్లను నీళ్లు లేక పోయినవాళ్లలో కలిపేస్తే ఇక బాధ్యత అడగడానికి ఎవరూ మిగలరు.

చట్టం లేదా అంటే 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా ఒకటి ఉండేది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గుత్తేదారుకు లైసెన్సు ఉండాలంది, కూలీకి ప్రయాణ భత్యం, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలంది. కానీ అది గుత్తేదారు తీసుకుపోయినవాళ్లకే వర్తించేది. ఈ మధ్య కాలంలో చాలామంది అప్పు చేసి, చుట్టాల ఆసరాతో సొంతంగా పోతున్నారు. ఒక మూట జొన్నపిండి, కొంచెం బియ్యం, పల్లికారం డబ్బా, రెండు గిన్నెలు బస్సు మీద వేసుకుని పోతారు. పొద్దున్నే నాకా మీద, అంటే కూలీల అడ్డా మీద నిలబడతారు. బేరం కుదిరితే పాత గోడలు పడగొట్టడం, మల్బా (పడగొట్టిన గోడల చెత్త) మోయడం, శ్లాబు పోయడం. కుదరకపోతే పది దాటాక గదికి తిరుగు. వాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. పిల్లలు ఊళ్లో అవ్వ దగ్గర ఉండి చదువుకుంటారు. అవ్వ కూడా లేని పిల్లల కోసం ఈ జిల్లాలో సీజనల్ హాస్టళ్లు నడపవలసి వచ్చింది.

2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే మహబూబ్‌నగర్‌ను చేర్చారు. కాస్త ఆసరా అయింది. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం బొంబాయిలో ఎంతమంది ఉన్నారో అందరికీ కనబడింది. మే నెలలో బస్సుల్లో, లారీల్లో తిరిగొచ్చినవాళ్లను ఊరి బయటే ఆపారు. సంపాదించి పంపినన్నాళ్లు ‘మావాడు బొంబాయిలో ఉన్నాడు’ అన్నవాళ్లే అప్పుడు ‘బొంబాయోళ్లు వచ్చిండ్రు’ అని టెన్షన్ పడ్డారు.

కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు వచ్చాక జిల్లాలో వరి పెరిగిన మాట వాస్తవం. తెలంగాణలో ఇప్పుడు నాట్లకు బిహార్ కూలీలు వస్తున్నారు. అందుకే వలసలు ఆగాయా, ఆగలేదా అన్న ప్రశ్నకు జిల్లా మొత్తానికి ఒక జవాబు ఉండదు, ఏ ఊరు ఏ కాలువ కింద ఉందో చూడాలి. బొంబాయి బాట ఎక్కువగా పట్టే కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు నేల ఎత్తు మీద ఉంది, జూరాల నీళ్లు అక్కడికి పారవు. ఆ ప్రాంతం కోసం నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు 2014లో 69వ నంబరు జీవో వచ్చింది. తర్వాత పాలమూరు–రంగారెడ్డి పథకం ముందుకొచ్చి దాన్ని పక్కన పెట్టారు. 2024 ఫిబ్రవరి 21న కోస్గిలో నారాయణపేట–కొడంగల్ పథకానికి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత కాలువలకు, జలాశయాలకు భూమి తీసుకునే పని మొదలవడంతో ఎకరాకు ఎంత పరిహారం ఇస్తారన్న దాని మీద అక్కడి రైతులు ఆందోళనకు దిగారు.