ఒక్క మెతుకుతో మనిషి తెలియడు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఈ లెక్క మనుషులకీ పనికొస్తుందని మనకో గట్టి నమ్మకం. పెళ్లిచూపుల నాడు అబ్బాయి డ్రైవర్‌ని కసురుకున్నాడనో, అమ్మాయి ఇంటర్వ్యూకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిందనో, ఆ ఒక్కటీ చూసి "మనిషి ఇంతే" అని తీర్పు చెప్పేస్తాం. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అక్కడ ఆ పద్ధతి చెల్లుతుంది. మనిషి చేసే పనులకి అలాంటి గ్యారంటీ లేదు. మనస్తత్వ శాస్త్రం ఈ సంగతిని అంకెలతో సహా తేల్చుకోవడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ 1928లో పడింది. అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 11 వేల మంది బడిపిల్లల నిజాయితీని పరీక్షించారు. "నువ్వు అబద్ధమాడతావా?" అని అడిగి ఊరుకోలేదు, మోసం చేసే వీలు కల్పించి చూశారు. పిల్లలతో ఓ పరీక్ష రాయించి, పేపర్లు తీసుకెళ్లి, ఎవరు ఏం రాశారో రహస్యంగా నకలు తీసుకునేవారు. తర్వాత అవే పేపర్లు, జవాబుల కీ ఇచ్చి "మీ మార్కులు మీరే వేసుకోండి" అనేవారు. జవాబు దిద్దుకున్నవాడు నకలుతో దొరికిపోయేవాడు. ఇంకో పరీక్షలో కళ్లు మూసుకుని కాగితం మీది చిన్న చిన్న సున్నాల్లో గుర్తులు పెట్టాలి. ఒక హద్దు దాటి సరిగ్గా పెట్టాడంటే కన్ను తెరిచి చూసినట్టే. మరో చోట పజిల్ పెట్టెలో చిల్లర నాణెం వదిలి, పెట్టె తిరిగొచ్చినప్పుడు అది ఉందో లేదో చూశారు.

ఒక చోట మోసం చేసిన పిల్లాడు మరో చోటా చేస్తాడని ఎవరైనా అనుకుంటారు. కానీ ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య సహసంబంధం సగటున 0.23 దగ్గర ఆగిపోయింది. ఈ కొలతలో 1 అంటే రెండూ అచ్చంగా కలిసి నడుస్తాయని, 0 అంటే ఒకదానికొకటి పొత్తే లేదని. పరీక్షలో జవాబు దిద్దుకున్నవాడు నాణెం ముట్టుకోకపోవచ్చు, నాణెం తీసినవాడు కళ్లు గట్టిగా మూసుకునే కూర్చోవచ్చు. నిజాయితీ అనే గుణమే లేదేమో అని చాలామందికి సందేహం వచ్చింది.

1968లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త ఆ సందేహాన్ని మొత్తం వ్యక్తిత్వ శాస్త్రానికే అంటించాడు. ప్రశ్నావళితో కొలిచిన ఏ స్వభావ లక్షణమైనా ఒక సందర్భంలో మనిషి ఏం చేస్తాడో చెప్పడంలో 0.3 దాటడం అరుదని లెక్కలు చూపించాడు. దాంతో మనిషిని నడిపేది స్వభావం కాదు, పరిస్థితే అన్న వాదం బలపడింది. నిజానికి 0.3 తీసిపారేసే అంకె కాదు. వంద మందిని ఆ లక్షణం ఎక్కువున్న యాభై, తక్కువున్న యాభై కింద విడదీస్తే, మొదటి గుంపులో 65 శాతం, రెండో గుంపులో 35 శాతం ఆ పని చేస్తారని స్థూలంగా దాని అర్థం. 1983లో ఫండర్, ఓజర్ అనే ఇద్దరు, పరిస్థితుల బలం చాటిన ప్రసిద్ధ ప్రయోగాల ఫలితాలను ఇదే కొలతలోకి మార్చి చూశారు. అవీ 0.4 చుట్టుపక్కలే తేలాయి. పరిస్థితిదే రాజ్యమన్నవాళ్ల గొంతు కొంచెం తగ్గింది.

చిక్కు విప్పింది మాత్రం పాత సూత్రమే. స్పియర్‌మన్, బ్రౌన్ 1910లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక్కో సంఘటన మధ్య సంబంధం 0.23 మాత్రమే అయినా, ఐదు సంఘటనల మొత్తాన్ని మరో ఐదింటి మొత్తంతో పోలిస్తే అది 0.60కి చేరుతుంది. పదికి పది పెడితే 0.75, ఇరవైకి ఇరవై పెడితే 0.86. సేమూర్ ఎప్‌స్టీన్ 1979లో జనం రోజువారీ ప్రవర్తనను రోజుల తరబడి నమోదు చేయించి, నిజంగానే అలా జరుగుతుందని చూపించాడు. అంటే స్వభావం ఉంది. అది సగటులో ఉంటుంది, సంఘటనలో వెతికితే దొరకదు. ఒక షరతు మాత్రం మరవకూడదు: ఆ పది సంఘటనలూ పది రకాల చోట్ల జరిగినవై ఉండాలి. ఒక మనిషిని పదిసార్లూ ఆఫీసు మీటింగులోనే చూస్తే, మీకు తెలిసేది ఆ మీటింగుల్లో అతను ఎలా ఉంటాడన్నదే.

విలియం ఫ్లీసన్ 2001లో ఇంకొంచెం లోతుకి వెళ్లాడు. రోజుకి ఐదుసార్లు చొప్పున, సుమారు రెండు వారాలపాటు, ఆ గంటలో ఎంత కలుపుగోలుగా, ఎంత శ్రద్ధగా, ఎంత చిరాగ్గా ఉన్నారో జనం చేతే రాయించాడు. మితభాషులు కూడా రోజులో ఏదో ఒక వేళ గలగలా మాట్లాడారు. దాదాపు ప్రతి మనిషిలోనూ ప్రతి లక్షణం అన్ని స్థాయిల్లోనూ కనబడింది. కానీ ఒక వారం సగటుకీ మరో వారం సగటుకీ పెద్దగా తేడా లేదు.

సగటు చుట్టూ ఉండే ఆ హెచ్చుతగ్గులకి కూడా ఓ పద్ధతుంది. ఇది తేల్చినవాళ్లలో మిషెల్ కూడా ఉండటం విశేషం. న్యూ హాంప్‌షైర్‌లోని వేసవి శిబిరంలో 84 మంది పిల్లలను షోడా, మిషెల్, రైట్ ఆరు వారాలు పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. తోటివాళ్లు ఏడిపించినప్పుడు, తోటివాళ్లు స్నేహంగా వచ్చినప్పుడు, పెద్దవాళ్లు మెచ్చుకున్నప్పుడు, హెచ్చరించినప్పుడు, శిక్షించినప్పుడు: ఈ ఐదు సందర్భాలను విడివిడిగా లెక్కపెట్టారు. ఇద్దరు పిల్లలు మొత్తం మీద ఒకే మోతాదు కోపిష్ఠులే. ఒకడు పెద్దవాళ్లు మందలిస్తే భగ్గుమంటాడు, తోటివాళ్లు ఏడిపించినా పట్టించుకోడు. రెండోవాడు సరిగ్గా దీనికి తలకిందులు. "వీడికి కోపమెక్కువ" అన్న ఒక్క మాటతో ఇద్దరినీ ఒకే గాటన కడితే, టీచరు ఇద్దరిలో ఒకరికి తప్పు మందు వేసినట్టే.

స్వభావ లక్షణాలను ఇప్పుడు ఎక్కువమంది ఐదు గుంపులుగా చూస్తున్నారు: కొత్తదనం మీద ఆసక్తి, క్రమశిక్షణ, కలుపుగోలుతనం, ఎదుటివారిపట్ల మెత్తదనం, కలవరపడే గుణం. కవల పిల్లల అధ్యయనాల ప్రకారం మనుషుల మధ్య ఈ తేడాల్లో 40 నుంచి 50 శాతం దాకా జన్యువుల వాటా. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న సామెత సగం నిజం. రాబర్ట్స్, డెల్‌వెకియో 2000లో 152 దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూస్తే, తోటివారిలో మనిషి స్థానం ఎంత స్థిరంగా ఉంటుందన్న కొలత చిన్నతనంలో 0.31, ముప్పై ఏళ్లకి 0.64, యాభై దాటాక 0.74. ముదిరేకొద్దీ గట్టిపడుతుంది, కానీ ఎన్నడూ 1 కాదు. పైగా ఇరవైల నుంచి నలభైల మధ్య సగటు మనిషిలో క్రమశిక్షణ పెరుగుతుంది, కలవరం తగ్గుతుంది.

ఈ ఐదింటినీ వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. బొలీవియాలోని త్సిమానే ప్రజల్లో అవి సరిగా కుదరలేదు. హిందీ విశేషణాలతో జరిగిన, 2013లో అచ్చయిన అధ్యయనంలో మూడు గుంపులే తేలితే, పరిశోధకులు వాటికి సాత్విక, రాజసిక, తామసిక అని పేర్లు పెట్టారు.

లక్షణం మనిషి ఎలా నడుస్తాడో చెబుతుంది. ఎటు నడుస్తాడో చెప్పాల్సింది విలువలు. ఇక్కడా మొదట ఎదురుదెబ్బే. 1973లో డార్లీ, బాట్సన్ ప్రచురించిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతబోధన చదువుతున్న 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం ఇవ్వమని పంపారు. దారిలో గుమ్మం దగ్గర ఒకతను ఒరిగిపోయి దగ్గుతూ మూలుగుతుంటాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం, ఓ మోస్తరు తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం, బాగా ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతం ఆగి సాయం చేశారు. సగంమంది ఇవ్వబోయే ప్రసంగం, దారిలో గాయపడినవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ మీదే. అదీ చెప్పుకోదగ్గ తేడా తేలేదు.

దీన్ని పట్టుకుని "విలువలన్నీ ఒట్టి మాటలే" అనేవాళ్లున్నారు. నలభై మందితో అంత మాట అనడం తొందరపాటే. దాటిపోయినవాళ్లు నిశ్చింతగా పోలేదు, కొందరు అవతలి భవనానికి కలవరపడుతూనే చేరారు. అక్కడ ఒకాయన తమకోసం ఎదురుచూస్తున్నాడు, ఆయనకీ మాటిచ్చారు. రెండు విలువలు ఒకేసారి ఎదురొచ్చాయి, గడియారం ఒకదాని పక్షాన మొగ్గింది.

విలువలను ఒక్కొక్కటిగా కాక ఇలా ఒకదానితో ఒకటి పోటీలో పెట్టి చూడాలన్నది షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో 20 దేశాల సమాచారంతో ముందుకు తెచ్చిన సిద్ధాంతం. పది విలువలను ఆయన వలయంగా అమర్చాడు: స్వతంత్ర నిర్ణయం, సాహసం, సుఖం, విజయం, అధికారం, భద్రత, కట్టుబాటు, సంప్రదాయం, అయినవాళ్ల మేలు, అందరి మేలు. పక్కపక్కనున్నవి కలిసి నడుస్తాయి. ఎదురెదురుగా ఉన్నవి కొట్టుకుంటాయి. ఒకే పనితో అధికారాన్నీ అందరి మేలునీ, లేదా సాహసాన్నీ భద్రతనీ నిండుగా తీర్చుకోవడం కష్టం.

ఏ దేశంలో అడిగినా పై వరసలో వచ్చేది దాదాపు అయినవాళ్ల మేలే, అధికారం అడుగున ఉంటుంది. కాబట్టి "నాకు కుటుంబమే ముఖ్యం" అన్న జవాబులో సమాచారం తక్కువ. అందుకే ష్వార్ట్జ్ ప్రశ్నావళికి మార్కులు వేసేటప్పుడు ఒక మెట్టు తప్పనిసరి: ఒక్కో విలువకి వచ్చిన మార్కులోంచి, ఆ మనిషి మొత్తం జవాబుల సగటును తీసేయాలి. ఆరు మార్కుల కొలతలో రమణ అన్నిటికీ ఉదారంగా వేసి సగటు 5.1, అధికారానికి 4.6 వేశాడనుకుందాం. సీత పిసినారిగా వేసి సగటు 3.4, అధికారానికి 4.0. పైకి చూస్తే రమణకే అధికారం మీద మోజెక్కువ. సగటు తీసేస్తే అతనిది మైనస్ 0.5, ఆమెది ప్లస్ 0.6. ఈ మెట్టు మరిచిపోయి తారుమారైన నివేదికలకు కొదవలేదు.

విలువ ఏ పనుల్లో బయటపడుతుందన్నది ఇంకో ప్రశ్న. బార్డీ, ష్వార్ట్జ్ 2003లో చూసినప్పుడు సాహసం, సంప్రదాయం అన్న విలువలు పనులతో గట్టిగా ముడిపడ్డాయి. అయినవాళ్ల మేలు, భద్రత, కట్టుబాటు లాంటివి బలహీనంగా. సమాజం అందరిచేతా చేయించే పని ఎవరి విలువనీ పట్టివ్వదు మరి. పెళ్లిలో చదివింపులు అందరూ చదివిస్తారు. అది చూసి ఎవరికి ప్రేముందో, ఎవరు "మనకి వాళ్లు వెయ్యిన్నూటపదహార్లు పెట్టారు" అని పుస్తకం తిరగేసి వచ్చారో చెప్పలేం. ఎవరూ అడగని చోట, ఎవరూ చూడని చోట చేసిందే లెక్కలోకి వస్తుంది.

లక్షణం, విలువ కలిసి ఎలా పనిచేస్తాయో చూడండి. ఒంగోలులో తల్లిదండ్రులు, బెంగళూరులో రెట్టింపు జీతం. వెళ్లాలా ఉండాలా అన్నది విజయానికీ అయినవాళ్ల మేలుకీ మధ్య తగువు, అది విలువలు తేల్చాలి. వెళ్లాక జరిగేదంతా లక్షణాల పని. క్రమశిక్షణ ఉన్న కొడుకు ఒకటో తారీఖున డబ్బు వేసి, బీపీ మాత్రలు అయిపోయే తేదీ ఫోన్‌లో రాసుకుంటాడు. అంతే ప్రేమున్నా ఆ గుణం తక్కువైనవాడు మాత్రలు అయిపోయిన మూడో రోజు ఆర్డర్ పెడతాడు. కలవరం పాలెక్కువైనవాడు అమ్మ ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్లని పంపిస్తాడు. ముగ్గురి విలువా ఒకటే. రెండోవాణ్ణి "నీకు ప్రేమ లేదు" అని తిట్టడం తప్పు రోగనిర్ధారణ. వాడికి కావలసింది అలారం.

ఈ లెక్కన సంబంధాలు కుదిర్చేటప్పుడు మన పెద్దలు చేసే వాకబు పెళ్లిచూపుల కన్నా మెరుగైన పద్ధతి, సరిగ్గా చేస్తే. ఒకే బంధువుని పదిసార్లు అడగడం కన్నా పాత రూమ్మేటు, పై అధికారి, కింద పనిచేసినవాళ్లు, ఇంటి ఓనరు, ఇలా వేర్వేరు చోట్ల చూసినవాళ్లను ఒక్కోసారి అడగాలి. "ఎలాంటివాడు?" అంటే "చాలా మంచివాడండీ" అనే వస్తుంది. "అద్దె ఏ తారీఖుకి ఇచ్చేవాడు? గొడవొస్తే ఏం చేశాడు?" అనాలి. లోపలి కలవరం సంగతి మాత్రం బయటివాళ్లకన్నా ఆ మనిషికే బాగా తెలుస్తుంది. ఉద్యోగ ఇంటర్వ్యూల్లోనూ ఇదే దారి: అందరికీ అవే ప్రశ్నలు, చేసిన పనుల గురించి, ఒక్కో జవాబుకి అప్పటికప్పుడే విడిగా మార్కు. చివర్లో మొత్తంగా ఒకటే మార్కు వేస్తే, మొదటి రెండు నిమిషాల అభిప్రాయమే గెలుస్తుంది.

ప్రశ్నావళి నింపితే ఒక పొరపాటు గమనించుకోండి. "నేను క్రమశిక్షణ గలవాణ్ణి" అనేటప్పుడు ఎవరితో పోల్చుకుంటున్నాం? పొద్దున ఐదింటికే స్టడీ అవర్ మొదలయ్యే రెసిడెన్షియల్ కాలేజీ కుర్రాడు పక్కవాళ్లని చూసి తనకి తక్కువ మార్కు వేసుకుంటాడు. సెలవుల్లో ఊళ్లో కూర్చుని నింపితే ఎక్కువ వేసుకుంటాడు.

ఇక విలువ ఉండీ పని జరగని చోట మనోబలం గురించి ఉపన్యాసాలు పెద్దగా పనిచేయవు. మిల్న్, ఆర్బెల్, షీరన్ 2002లో ఇంగ్లండ్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, వారంలో ఒక్కసారైనా 20 నిమిషాల గట్టి వ్యాయామం చేసినవాళ్లు మామూలు గుంపులో 38 శాతం, గుండెజబ్బుల గురించి చదివించిన గుంపులో 35 శాతం. ఆ చదువుతోపాటు ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో ముందే రాయించిన గుంపులో 91 శాతం. రాసేటప్పుడు "ఖాళీ దొరికినప్పుడు" అని రాస్తే అది పనిచేయదు, ఖాళీ దొరికిందని ఎవరూ గంట కొట్టరు. "పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టగానే, చెప్పులు విప్పకుండా పార్కు వైపు" అని, రోజూ తప్పకుండా ఎదురయ్యే ఒక పనికి ముడిపెట్టాలి. వానొస్తే ఏం చేస్తారో రెండో వాక్యంగా అప్పుడే రాసుకోవాలి. ఒకేసారి ఐదు అలవాట్లకి ఇలా రాసుకుంటే ఒకదాని వేళ ఇంకోదాని మీద పడుతుంది, ఒకటి కుదురుకున్నాకే రెండోది.