కార్డ్‌లెస్ మైక్ మధ్యలో కట్ అవుతోందా? ముందు యాంటెన్నా చూడండి

స్టేజీ మీద మాట్లాడుతున్న మనిషి గొంతు సగం మాటలో మాయమైపోద్ది, ఒక అడుగు పక్కకి జరగ్గానే మళ్ళీ వచ్చేస్తుంది. వెంటనే మైక్‌ని అరచేత్తో తట్టడం, బ్యాటరీ తీసి మళ్ళీ వెయ్యడం, చివరికి ఎవరో ఒకరు చవక మైక్ కొంటే ఇంతే అని తీర్మానం చేసెయ్యడం. నాకు తెలిసి ఖరీదైన మైకులు కూడా ఇలాగే కట్ అవుతాయి, ఎందుకంటే గొడవ ఎక్కువసార్లు మైక్‌లో ఉండదు, మైక్‌కీ రిసీవర్‌కీ మధ్య ఉన్న గాలిలో ఉంటుంది. అసలు ఆ ఒక్క అడుగు జరిగితే వచ్చేసింది చూశారా, క్లూ అదే.

చేత్తో పట్టుకునే మైక్‌లో గానీ, కాలర్ మైక్ అయితే నడుముకి తగిలించుకునే ప్యాక్‌లో గానీ ఒక బుల్లి రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, రిసీవర్ ఏమో ఆ ఒక్క స్టేషన్‌నే వినే రేడియో. ఆ ట్రాన్స్‌మిటర్ పవర్ మామూలుగా 10 నుంచి 50 మిల్లీవాట్లు, అంటే ఛార్జర్ మీద వెలిగే చిన్న ఎల్ఈడీ లైటు తినే కరెంటు ఎంతో దాదాపు అంతే. అంత తక్కువ పవర్‌తో హాలు దాటించాలి కాబట్టి దారి ఎలా ఉంది అనేది చాలా ముఖ్యం. 600 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 60 కోట్ల ఊపుల దగ్గర పనిచేసే మైక్ తీసుకుందాం, కాంతి వేగం సెకనుకి 30 కోట్ల మీటర్లు, దాన్ని 60 కోట్లతో భాగిస్తే తరంగం పొడవు అర మీటరు వస్తుంది. ఈ అర మీటరు గుర్తుపెట్టుకోండి, చాలా విషయాలు దీంతోనే తేలిపోతాయి.

మైక్ నుంచి బయల్దేరిన తరంగం నేరుగా రిసీవర్‌కి వస్తుంది, గోడకి, ఇనప స్తంభానికి, సీలింగ్‌కి తగిలి తిరిగి కూడా వస్తుంది. తిరిగొచ్చినదానికి దూరం ఎక్కువ. ఆ ఎక్కువ దూరం సరిగ్గా పావు మీటరు తేడాతో పడిందనుకోండి, ఒక తరంగం పైకి లేచే టైంకి రెండోది కిందకి దిగుతుంటుంది, రెండూ కొట్టుకుపోయి యాంటెన్నా దగ్గర దాదాపు ఏమీ మిగలదు. హాలు నిండా ఇలాంటి చచ్చు చోట్లు ఉంటాయి, ఒక్కోటి జానెడు రెండు జానల కంటే పెద్దగా ఉండదు, అందుకే ఒక అడుగు జరగ్గానే గొంతు వచ్చేసింది. రిసీవర్‌కి రెండు యాంటెన్నాలు పెట్టేది కూడా ఇందుకే. అవి ఒకదానికొకటి కనీసం పావు తరంగం, అంటే పన్నెండు పదమూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఒకటి చచ్చు చోట్లో పడ్డప్పుడు రెండోది కూడా అప్పుడే పడే అవకాశం బాగా తక్కువ, ఏది బావుంటే రిసీవర్ అది పట్టుకుంటుంది. దీన్నే డైవర్సిటీ అంటారు. రెండు యాంటెన్నాలనీ ఒకదాని పక్కన ఒకటి నిటారుగా పెట్టకుండా వీ ఆకారంలో విప్పితే ఇంకా మంచిది, పాడేవాళ్ళు మైక్‌ని అడ్డంగా తిప్పినా నిలువుగా తిప్పినా ఏదో ఒకటి అందుకుంటుంది. రెండు యాంటెన్నాల్లో ఒకటి విరిగిపోయినా పర్లేదులే అని వాడేవాళ్ళు చాలామంది, పర్లేదు నిజమే, కట్ అయ్యేదాకా.

ఇక మన ఒళ్ళు. శరీరంలో ఎక్కువ భాగం ఉప్పు కలిసిన నీరు, ఈ ఫ్రీక్వెన్సీల్లో అది రేడియో తరంగాల్ని బాగానే మింగేస్తుంది. చేతి మైక్‌కి యాంటెన్నా చాలా మోడళ్ళలో అడుగున దాక్కుని ఉంటుంది, స్టైల్‌గా అడుగున గుప్పిట బిగించి పట్టుకున్నారంటే ట్రాన్స్‌మిటర్ గొంతు పిసికినట్టే. నడుం ప్యాక్ యాంటెన్నాని చుట్టేసి జేబులో తోసినా, చెమటపట్టిన ఒంటికి అంటుకుపోయినా అంతే. ఇంకోటి ఉంది, ఇది చాలామందికి తట్టదు: మధ్యాహ్నం ఖాళీ హాల్లో టెస్ట్ చేసినప్పుడు మైక్ అద్భుతంగా ఉంటుంది, సాయంత్రం జనం నిండాక కట్ అవడం మొదలవుద్ది, ఎందుకంటే రిసీవర్ హాలు చివర మిక్సర్ టేబుల్ మీద ఉంది, మధ్యలో కొన్ని వందల మంది, అంటే కొన్ని వందల నీళ్ళ మూటలు. రిసీవర్‌ని స్టేజీ పక్కనే పెట్టి అక్కణ్ణుంచి మిక్సర్‌కి ఆడియో కేబుల్ లాగడం మేలు, అది కుదరకపోతే యాంటెన్నాలు జనం తలల కంటే పైకి రావాలి, మైక్ ఉన్న చోటికి యాంటెన్నా కంటికి కనబడాలి అన్నది మంచి కొండగుర్తు. అలాగని మరీ దగ్గర కూడా వద్దు, రెండు మూడు మీటర్లన్నా లేకపోతే రిసీవర్ ముందు భాగం ఆ సిగ్నల్ తట్టుకోలేదు.

ఒక్క మైక్ అయితే ఇంతటితో పని అయిపోతుంది, రెండు మూడు అయ్యేసరికి కథ మారుతుంది. రెండు మైకులు ఒకే ఫ్రీక్వెన్సీ మీద పెడితే రెండు గొంతులూ కలిసి వస్తాయనుకుంటారు గానీ ఎఫ్ఎం రిసీవర్ అలా కలపదు, ఏది బలంగా ఉంటే దాన్నే పట్టుకుని రెండోదాన్ని తొక్కేస్తుంది, ఇద్దరూ అటూ ఇటూ నడుస్తుంటే మధ్యమధ్యలో బర్రుమంటూ ఒకళ్ళ నుంచి ఇంకొకళ్ళకి దూకుతుంది. సరే, వేరు వేరు ఫ్రీక్వెన్సీలు పెడదాం అని 500, 501, 502 మెగాహెర్ట్జ్ అని చక్కగా వరసలో పెడతారు. ఇంతకంటే చెడ్డ ఎంపిక ఉండదు. రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గరికొస్తే ఒకదాని సిగ్నల్ రెండోదాని యాంటెన్నాలోంచి లోపలికి దూరి, అక్కడున్న ఆంప్లిఫయర్‌లో కలిసి, ఎవరూ పంపని కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తుంది. దీని పేరు ఇంటర్‌మాడ్యులేషన్. వీటిలో బలమైనవి ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేస్తే వచ్చేవి, 501ని రెట్టింపు చేసి 500 తీస్తే 502, తిన్నగా వచ్చి మూడో మైక్ నెత్తిన కూర్చుంది. రెండు మైకులుంటే ఇలాంటివి రెండే, ఎనిమిది మైకులకి మూడేసి కలిసి పుట్టించేవి కూడా లెక్కేస్తే 224. అందుకే ఫ్రీక్వెన్సీల మధ్య దూరాలు సమానంగా ఉండకూడదు, రిసీవర్ మెనూలో గ్రూప్, చానెల్ అని కనిపించేవి కంపెనీ వాళ్ళు ముందే ఈ లెక్కలు కట్టి పెట్టినవి, అన్ని మైకులకీ ఒకే గ్రూప్‌లోంచి చానెళ్ళు ఎంచుకుంటే సరిపోతుంది. ఆన్‌లో ఉన్న మైకులన్నీ ఒకే టేబుల్ మీద గుట్టగా పడెయ్యడం మాత్రం ఆపాలి.

గాలి కూడా ఖాళీగా లేదు. ఈ మైకులు తిరిగేది ఎక్కువగా టీవీ చానెళ్ళ మధ్య మిగిలిన సందుల్లో, ఆ సందులు మొబైల్ నెట్‌వర్కులకి అమ్ముడైపోతున్నాయి. అమెరికాలో 2017లో వేలం ముగిశాక 614 నుంచి 698 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న మైకులు, చిన్న చిన్న సందులు తప్పించి, 2020 జూలై కల్లా ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, పాత సెట్ కొనేముందు దాని ఫ్రీక్వెన్సీ మీ దేశంలో ఇంకా వాడొచ్చో లేదో చూసుకోమనేది అందుకే. 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ మైకులకి ఈ బాధ లేదు గానీ అక్కడ వైఫై, బ్లూటూత్ అన్నీ కలిసే తిరుగుతాయి, జనం ఫోన్లతో సహా హాల్లోకొచ్చాక ఆ రేంజ్ మధ్యాహ్నం ఉన్నంత ఉండదు. డిజిటల్‌లో ఆలస్యం గురించి భయపడేవాళ్ళుంటారు, మంచి సెట్లలో అది మూడు మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది, ఆ టైంలో శబ్దం గాలిలో ఒక మీటరు వెళ్తుంది, మీరు స్పీకర్‌కి ఒక మీటరు వెనక్కి నిలబడ్డట్టు అంతే.

గెయిన్, అంటే మైక్‌లో పడిన గొంతుని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్, దాని దగ్గరికి వద్దాం. చాలామంది హలో హలో అని మెల్లగా అని గెయిన్ పెట్టేస్తారు, తీరా ప్రోగ్రాంలో గట్టిగా అందుకునేసరికి గొంతు చిరిగిపోద్ది. అసలు మనిషి అసలు ఎంత గట్టిగా అంటాడో అంత గట్టిగా అనిపించి, గొంతు హద్దుకి చేరిందని చెప్పే ట్రాన్స్‌మిటర్ పీక్ లైటు అప్పుడప్పుడు మాత్రమే మెరిసేలా పెట్టాలి. మరీ తగ్గించినా నష్టమే. అనలాగ్ సెట్లలో చిన్న చప్పుడికీ పెద్ద చప్పుడికీ ఉన్న తేడాని ట్రాన్స్‌మిటర్ సగానికి నొక్కి పంపుతుంది, రిసీవర్ దాన్ని మళ్ళీ రెట్టింపు చేసి విప్పుతుంది, మధ్యదారిలో చేరిన బుస్స్‌మనే రొద ఈ విప్పడంలో అడుక్కి పోతుంది, కానీ గొంతే రొద స్థాయిలో ఉంటే ఎలా పోతుంది? ఈ నొక్కే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఫ్రీక్వెన్సీ కలిసినా ఒకళ్ళ మైక్ ఇంకొకళ్ళ రిసీవర్‌తో వింతగా వినిపించేది ఇందుకే. నోటికి దూరం కూడా చూసుకోవాలి, 5 సెంటీమీటర్ల దగ్గరున్న మైక్‌ని 20కి తీసుకెళ్తే 12 డెసిబెల్స్ పోయినట్టే, అది పూడ్చడానికి ఆపరేటర్ వాల్యూం లేపుతాడు, స్పీకర్ శబ్దం మైక్‌లోకి దూరి కీచుమని కూత మొదలవుద్ది, తిట్లు మాత్రం ఆపరేటర్‌కి. జాలీని గుప్పిట్లో మూసేస్తే కూత ఇంకా తొందరగా వస్తుంది, మైక్ వెనకవైపు శబ్దాన్ని పట్టించుకోకుండా ఉండేది ఆ జాలీ పక్కల్లోంచి కూడా శబ్దం లోపలికి వెళ్ళడం వల్లే.

బ్యాటరీ సంగతి ఒక్క ముక్క: రీఛార్జబుల్ వేస్తే మెనూలో ఆ రకమే సెట్ చెయ్యండి, వాటి వోల్టేజి చివరిదాకా పెద్దగా తగ్గదు కాబట్టి మామూలు సెల్ అనుకుంటే మీటర్ మిమ్మల్ని మోసం చేస్తుంది.

వరస ఏంటంటే, మీ మైకులన్నీ ఆఫ్‌లో ఉంచి రిసీవర్‌తో స్కాన్ చెయ్యాలి, హాల్లో ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే దాన్ని ఆన్ చేసి మరీ, ఎందుకంటే అవి కూడా రేడియో రొద చేస్తాయి. ఖాళీగా తేలిన చానెల్ పెట్టి మొదటి మైక్‌ని సింక్ చేసి, అంటే రిసీవర్‌లో ఉన్న చానెల్‌నే మైక్‌కీ పెట్టి, ఆన్‌లోనే ఉంచి రెండోదానికి స్కాన్ కొట్టాలి, అలా ఒక్కోటి. అన్నీ అయ్యాక మిక్సర్‌లో మ్యూట్ చేసి ఒక మైక్ ఆపండి, మిగతావన్నీ ఆన్‌లోనే, ఆపిన మైక్ రిసీవర్‌లో ఆర్ఎఫ్ గీతలు, అంటే రేడియో సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చూపించేవి, చూడండి. ఏమీ లేకపోతే ఆ చానెల్ బాగున్నట్టు, మైక్ లేకుండా కూడా గీతలు లేస్తున్నాయంటే అక్కడ ఇంకెవరో ఉన్నారు లేదా మీ మైకులే ఏదో పుట్టిస్తున్నాయి, ఆ చానెల్ మార్చాల్సిందే. ఒకటి మారిస్తే కలయికల లెక్కలన్నీ మారతాయి కాబట్టి ఈ ఆపి చూసే పని మళ్ళీ మొదటి మైక్ నుంచి చెయ్యాలి, విసుగే, కానీ జనం వచ్చాక చెయ్యడానికి కుదిరే పని కాదిది.