హైస్కూల్లోనే కాలేజీ చదువు: ఫీజు ప్రభుత్వం కట్టడం ఎలా మొదలైంది

అమెరికాలో 2022-23 విద్యా సంవత్సరంలో దాదాపు 25 లక్షల మంది హైస్కూల్ విద్యార్థులు కాలేజీ కోర్సులు చదివారు. 2002-03లో ఈ సంఖ్య 8 లక్షల పైచిలుకు. ఒకే కోర్సు పూర్తి చేస్తే ఇటు హైస్కూల్ లెక్కలోకీ, అటు కాలేజీ క్రెడిట్ల (డిగ్రీకి కూడబెట్టాల్సిన కోర్సు యూనిట్ల) లెక్కలోకీ వస్తుంది. దీన్నే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ లేదా డ్యూయల్ క్రెడిట్ అంటారు. ఇంత పెరగడానికి కారణాలు చాలా చెబుతారు గానీ, నా దృష్టిలో అసలు కారణం రాష్ట్ర ప్రభుత్వాలు ఫీజు కట్టడానికి ముందుకు రావడమే.

చురుకైన పిల్లలకు ముందుగానే కాలేజీ పాఠాలు చెప్పాలన్న ఆలోచన పాతదే. కనెటికట్ విశ్వవిద్యాలయం 1955లోనే హైస్కూళ్లలో తన కోర్సులు మొదలుపెట్టింది. 1970ల మొదట్లో సిరక్యూస్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల స్కూళ్లతో కలిసి ఇలాంటి పథకమే పెట్టింది. ఆఖరి ఏడాదిలో విద్యార్థులకు చదువు మీద ఆసక్తి పోతోందని అక్కడి స్కూళ్ల అధికారులు మొర పెట్టుకోవడం దానికి కారణం. కానీ ఇవన్నీ ఆయా విశ్వవిద్యాలయాలు సొంతంగా నడుపుకున్నవి. చదువుకోవడం విద్యార్థి హక్కు, డబ్బు ప్రభుత్వానిది అనే మాట చట్టంలోకి ఎక్కింది మాత్రం 1985లో, మిన్నెసోటాలో.

అప్పటి గవర్నర్ రూడీ పెర్పిచ్ ఇనుప గనుల ప్రాంతంలో, క్రొయేషియా నుంచి వలస వచ్చిన గని కార్మికుడి ఇంట పుట్టాడు. బడిలో చేరేదాకా ఆయనకు ఇంగ్లిష్ రాదు. తర్వాత దంతవైద్యుడై రాజకీయాల్లోకి వచ్చాడు. ఏ బడిలో చదవాలో కుటుంబమే ఎంచుకునే వీలుండాలన్నది ఆయన పట్టు. 1985 జనవరిలో పెట్టిన ప్రతిపాదనల్లో, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే విభాగం) సరిహద్దులతో పని లేకుండా నచ్చిన స్కూల్లో చేరవచ్చన్న అంశం ఆ ఏడాది గట్టెక్కలేదు. 11, 12 తరగతుల వాళ్లు కాలేజీకి వెళ్లి చదవవచ్చు అన్నది మాత్రం నిలబడింది. దాన్ని సభలో నెగ్గించింది ఎదుటి పార్టీ మనిషి, రిపబ్లికన్ల సభా నాయకురాలు కోనీ లెవి. రెండు పార్టీలూ ఇలా చేతులు కలపకపోతే ఆ చట్టం బతికేది కాదు.

వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. విద్యార్థి కాలేజీలో కోర్సు తీసుకుంటే ట్యూషన్ ఫీజు, పుస్తకాల ఖర్చు రాష్ట్రం భరిస్తుంది. ఆ మేరకు స్కూల్ డిస్ట్రిక్ట్‌కు రావాల్సిన సొమ్ములో కోత పడుతుంది. బాగా చదివే పిల్లలూ, వాళ్లతో పాటు నిధులూ వెళ్లిపోతాయని ఉపాధ్యాయ సంఘాలూ స్కూల్ బోర్డులూ భయపడ్డాయి. మతసంస్థల కాలేజీలకూ ప్రజాధనం వెళ్తోందని ఉపాధ్యాయ సంఘం కోర్టుకెక్కింది. 1993లో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు పథకాన్నే సమర్థించింది. ఆ తగువు ఇంకా చల్లారలేదు. మత విశ్వాస ప్రకటన చేసిన విద్యార్థులనే చేర్చుకునే కాలేజీలను పథకం నుంచి తప్పిస్తూ 2023లో రాష్ట్రం చట్టం చేస్తే, 2025లో ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశారు.

నన్ను బాధపెట్టేది ఇంకో నిబంధన. కాలేజీలు డబ్బు ఆదా అవుతుందని చెప్పి హైస్కూల్ పిల్లలను పిలవకూడదని మిన్నెసోటా చట్టంలో చాలా ఏళ్ల పాటు ఉండేది. అంటే, ఫీజు కట్టలేని ఇంటికి అన్నిటికంటే ముందు తెలియాల్సిన సంగతినే చెప్పనివ్వలేదు. చదువుకున్న తల్లిదండ్రులు ఎలాగూ కనుక్కుంటారు. నష్టపోయింది చెప్పేవాళ్లు లేని పిల్లలే. మరోవైపు, పిల్లలు వెళ్లిపోకుండా ఉండాలని స్కూళ్లే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (స్కూల్లోనే చదివి, చివరి పరీక్షలో మంచి మార్కులు వస్తే కాలేజీ క్రెడిట్ పొందే కోర్సు) లాంటి పై స్థాయి కోర్సులు పెంచాయి. చట్టం వల్ల జరిగిన పెద్ద మేలు ఇదే కావచ్చు.

ఆ తర్వాత మిగతా రాష్ట్రాలూ వరసగా వచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రం 1990లో రన్నింగ్ స్టార్ట్ చట్టం చేసింది. ట్యూషన్ ఫీజు లేదు గానీ పుస్తకాలు, దారి ఖర్చులు ఇంటివాళ్లవే. ఒహాయో 2015లో పాత పథకాన్ని మార్చి 7వ తరగతి నుంచే అవకాశం ఇచ్చింది. జార్జియా 2015లో తలుపులు బార్లా తెరిచి, ఖర్చు తట్టుకోలేక 2020లో ఒక్కొక్కరికి 30 క్రెడిట్ అవర్ల పరిమితి పెట్టింది. ఉచితం అన్న మాట వెనుక ఎవరి బడ్జెట్టో ఉంటుందని జార్జియాకు అయిదేళ్లలోనే తెలిసొచ్చింది.

పాఠం చెప్పేదెవరన్నది ఇంకో చిక్కు. హైస్కూల్లోనే కాలేజీ కోర్సు చెప్పాలంటే ఉపాధ్యాయుడికి మాస్టర్స్ డిగ్రీ, ఆ సబ్జెక్టులో 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు ఉండాలని 2015లో మధ్య పశ్చిమ రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ హయ్యర్ లెర్నింగ్ కమిషన్ తేల్చి చెప్పింది. పల్లె స్కూళ్లు కంగారు పడ్డాయి. అభ్యంతరాలు రావడంతో గడువు పదేపదే పొడిగించారు.

మన దగ్గర ఈ ఫీజు తగువు ఈ రూపంలో రాలేదు. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడక ముందు పీయూసీ (ఇంటర్‌కు ముందున్న ప్రీ యూనివర్సిటీ కోర్సు) విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉండేది. 2008లో వచ్చిన ఆర్‌జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలు నడిపే విశ్వవిద్యాలయం) పదో తరగతి పిల్లలను నేరుగా ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంది. అమెరికాలో ఉన్న మన కుటుంబాలకైతే ఇది ఇంట్లో రోజూ నడిచే చర్చే: అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంటా, డ్యూయల్ క్రెడిటా? వాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. డ్యూయల్ క్రెడిట్‌లో వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇక ఆ క్రెడిట్లను సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మామూలుగా ఒప్పుకుంటాయి గానీ, పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలావరకు ఒప్పుకోవు.

ఇంత విస్తరించినా నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థుల వాటా వాళ్ల జనాభాకు తగినట్టు లేదు. 2016లో ఫెడరల్ ప్రభుత్వం 44 కాలేజీల్లో, పేద హైస్కూల్ విద్యార్థులకు పెల్ గ్రాంటు (మామూలుగా పేద కాలేజీ విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) ఇచ్చి చూసే ప్రయోగం మొదలుపెట్టింది. టెక్సస్ 2023లో మరో అడుగు వేసింది. స్కూల్లో ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులైన పిల్లలకు డ్యూయల్ క్రెడిట్ కోర్సులు ఉచితం చేసి, ఆ సొమ్మును రాష్ట్రమే కాలేజీలకు ఇస్తోంది. అయితే పథకంలో చేరాలా వద్దా అన్నది కాలేజీల ఇష్టం. దగ్గర్లోని కాలేజీ చేరకపోతే, అర్హత ఉన్న పిల్లవాడికి కూడా ఆ ఉచితం అందదు.