పైకి వదిలిన చువ్వలు, కింద పెట్టే సంతకం: అపోహలు - వాస్తవాలు

ఇళ్ల యజమానులు స్ట్రక్చరల్ ఇంజనీర్ల దగ్గరికి తరచూ తెచ్చే మాట ఇది: "పిల్లర్ల మీద చువ్వలు వదిలే ఉంచాం సార్. ఇంకో రెండు ఫ్లోర్లు వేస్తున్నాం. మేస్త్రీ చూసి పర్లేదన్నాడు. మీరు స్టెబిలిటీ సర్టిఫికెట్ మీద సంతకం పెడితే చాలు." ఇందులో రెండు అపోహలున్నాయి. రెండూ ప్రాణాలు తీసేవే.

అపోహ: చువ్వలు వదిలాం కాబట్టి పైకి కట్టుకోవచ్చు.

డాబా మీద నిలబడ్డ చువ్వలు యజమాని ఆశ గురించి చెబుతాయి. కింద ఫుటింగ్ (పిల్లర్ అడుగున ఉండే పునాది దిమ్మె) ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారో చెప్పవు.

లెక్క చూడండి. పిల్లర్ల మధ్య నాలుగు మీటర్ల దూరముంటే నడిమి పిల్లర్ మీద పడేది 16 చదరపు మీటర్ల స్లాబు. 125 మిల్లీమీటర్ల స్లాబు బరువు చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు, ఫ్లోరింగ్ ఓ 100, మనుషులకూ సామానుకూ కలిపి నిర్మాణ ప్రమాణాల కోడ్ చెప్పే లైవ్ లోడ్ 200. ఇక్కడికే దాదాపు 10 టన్నులు. బీములు, గోడలు కలిపితే ఒక్క అంతస్తుకు 16 నుంచి 22 టన్నులు. గోడ నాలుగున్నర అంగుళాలా తొమ్మిదా అన్నదే ఈ తేడా. ఆ పిల్లర్ కింద ఒకటిన్నర మీటర్ల చదరపు ఫుటింగ్ ఉండి, నేల ఎస్‌బీసీ (నేల సురక్షితంగా మోయగల బరువు) చదరపు మీటరుకు 20 టన్నులైతే, అది మోసేది 45 టన్నులు. రెండు స్లాబులతోనే అది నిండిపోతుంది. నల్లరేగడిలో ఎస్‌బీసీ అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

మూడో స్లాబు పడగానే ఇల్లు కూలదు, అసలు ప్రమాదం అదే. ఎస్‌బీసీ లెక్కలోనే రెండున్నర, మూడు రెట్ల సేఫ్టీ ఫ్యాక్టర్ ఉంటుంది. "చూశారా, ఏమీ కాలేదు" అని నాలుగోది లేపుతారు. ఆ మార్జిన్ ఉంచింది మట్టిలో తేడాలకు, డ్రైనేజీ లీకై నేల మెత్తబడటానికి. దాన్ని అద్దెల కోసం తినేస్తే రేపు నేల మెత్తబడిన రోజున కాచేది ఇంకేమీ ఉండదు.

ఆ చువ్వలు కూడా నమ్మదగ్గవి కావు. ఏళ్ల తరబడి వానకు తడిసి స్లాబు దగ్గర మెడలా సన్నబడతాయి. పాత చువ్వల పక్కన కొత్తవి పెట్టి కట్టే అతుకులు (ల్యాపింగ్) అన్నీ సరిగ్గా ఆ ఒక్కచోటే పడతాయి. వంచి పడుకోబెట్టి మళ్లీ నిలబెట్టినవైతే వంపు దగ్గరే పగులుతాయి.

నిజంగా పైకి కట్టాలంటే ముందు పాత డ్రాయింగులు వెతకండి. లేకపోతే నడిమి పిల్లర్ దగ్గరా మూల పిల్లర్ దగ్గరా తవ్వి ఫుటింగ్ పొడవు, వెడల్పు, మందం కొలిపించండి. మట్టి పరీక్ష కొత్తగా చేయించండి. పిల్లర్లో చువ్వలెన్ని, రింగుల దూరమెంత అన్నది రీబార్ లొకేటర్ చూపిస్తుంది. రీబౌండ్ హామర్ (కాంక్రీటు మీద కొట్టి చూసే పరికరం) రిపోర్టు ఒక్కటే తెచ్చి చాలంటే కుదరదు. అది పై పొర గట్టిదనమే చెబుతుంది, పాత కాంక్రీటులో ఎక్కువ చేసి చెబుతుంది. కనీసం మూడు కోర్లు (కాంక్రీటులోంచి తొలిచి తీసే ముక్కలు) తీయించాలి: కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు బలం అనుకున్న గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. లెక్క తేలకపోతే జాకెటింగ్ ఉంది, అంటే పిల్లర్‌కు కొత్త కాంక్రీటు తొడుగు, చుట్టూ కనీసం 100 మిల్లీమీటర్లు. దాన్ని ఫుటింగ్ దాకా దించి, ఫుటింగ్‌నూ పెంచాలి. నేల పైన మాత్రమే చుట్టిన జాకెట్ వల్ల ఫుటింగ్‌కు ఒరిగేదేమీ లేదు.

2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉండగానే కూలిన భవనంలో కొత్త అంతస్తులు లేపింది పాత కట్టడం మీదే.

అపోహ: సంతకం ఫార్మాలిటీ. ఈయన పెట్టకపోతే ఇంకొకరు పెడతారు.

ఇంకొకరు పెడతారన్నది నిజమే. సియోల్‌లో సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కథ అదే. నివాస భవనంగా మొదలైన కట్టడాన్ని మధ్యలో స్టోరుగా మార్చమన్నారు. మొదటి నిర్మాణ సంస్థ కుదరదంది. యజమాని దాన్ని తప్పించి సొంత సంస్థతో కానిచ్చాడు. ఎస్కలేటర్ల కోసం పిల్లర్లు తీశారు, పైన ఐదో అంతస్తు వేశారు. 1995 జూన్ 29న పొద్దున్నే పైఅంతస్తులో పగుళ్లు కనిపించాయి, అమ్మకాలు ఆపలేదు. సాయంత్రానికి కూలి 502 మంది చనిపోయారు.

కాదన్న ఇంజనీరు ఆ పని ఆపలేకపోవచ్చు. కానీ కాదన్నది ఎందుకో కాగితం మీద పెడితే, ఆ కాగితం మునిసిపాలిటీకి చేరితే, తర్వాతివాడు తెలియదనడానికి వీలుండదు. నోటితో కాదని ఊరుకోవడం చాలదు. ఆ భవనంలో అద్దెకు దిగేవాళ్లు, కింద సెంట్రింగ్ పనిచేసే కూలీలు లెక్క అడిగే చోట లేరు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలితే 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు.

చూడకుండా పెట్టే సంతకం కూడా అంతే. 1981లో అమెరికాలో కాన్సాస్ సిటీ హయత్ హోటల్లో ఒకదాని కింద ఒకటి వేలాడే రెండు నడక వంతెనలను పొడవాటి కడ్డీలు మోయాలి. బిగించడం సులువని ఒక్కో కడ్డీని రెండు ముక్కలుగా మార్చారు. దాంతో పై వంతెన బీము కింది నట్టు మీద రెండు వంతెనల బరువూ పడింది. ఆ డ్రాయింగ్ మీద ఇంజనీరు ముద్ర ఉంది, ఆ జాయింటుకు లెక్క మాత్రం చేయలేదు. వంతెనలు కూలి 114 మంది పోయారు, ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. మన దేశంలో లాయర్లకూ ఆర్కిటెక్టులకూ ఉన్నట్టు ఇంజనీర్లకు దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. అంతమాత్రాన బాధ్యత లేదని కాదు: నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా జైలు.

మిగతావి, క్లుప్తంగా

"సాఫ్ట్‌వేర్ ఓకే అంది": ఎస్‌బీసీ 25 అని మీరు కొట్టారు కాబట్టి అంది. "కొంచెం నీళ్లు పోస్తే కాంక్రీటు బాగా పారుతుంది": పారుతుంది, బలం పోతుంది. పలుచన కావాలంటే ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే పారేలా చేసే రసాయనం) వాడండి. "స్లాబు ఏడో రోజుకే గట్టిపడుతుంది, సపోర్టులు లాగేయొచ్చు": ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబుకే ఏడు రోజులు, అది దాటితే 14, ఆరు మీటర్లు దాటిన బీముకు 21.

అపోహ: గోడ బీట వారిందంటే ఇల్లు కూలిపోతుంది.

దీంతో నిద్రపోని కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లకు ధైర్యం చెప్పాలి. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత గీతలు, బీముకూ గోడకూ మధ్య సన్నటి అడ్డగీత సాధారణంగా ప్రమాదం కావు. పగులు చివర్లలో పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి, వారానికోసారి చూడండి. పెరిగితే ఇంజనీరును పిలవండి.

పిల్లర్లో నిలువుగా లేదా ఏటవాలుగా పగులు, పెచ్చులూడి చువ్వ బయటికి ఉబ్బడం, ఉన్నట్టుండి తలుపులు పట్టేయడం మాత్రం వేరు. బంగ్లాదేశ్‌లో రానా ప్లాజాకు 2013 ఏప్రిల్ 23న పగుళ్లు కనిపిస్తే బ్యాంకు తన సిబ్బందిని పంపేసింది, గార్మెంట్ కార్మికులను మాత్రం మర్నాడు పనికి పిలిచారు. 1,100 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి గుర్తులు కనిపిస్తే రిపోర్టు వచ్చేదాకా ఆగకండి. అదే గంటలో అందరూ బయటికి రండి, పక్కింటివాళ్లకు చెప్పండి, సామాను కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి.