బఫర్ పొంగే లెక్క: కంపెనీల సగటులో కనిపించనిది

గోదావరికి వరద వచ్చినప్పుడల్లా కోనసీమ లంకల్లో లేచే గొడవ మళ్లీ లేచింది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. పడవ పంపమని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ పక్కన గడియారం గుర్తు మాత్రం అలాగే ఉండిపోతుంది. సగటు వాడకం టవర్ సామర్థ్యం లోపే ఉందన్నది మొబైల్ కంపెనీల జవాబు.

టెలిఫోన్ కాల్స్‌కి 1909లో డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ వేసిన లెక్క పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఇవాళ్టి తగవుకి అసలు మూలం ఒక నది దగ్గర దొరుకుతుంది. నైలు మీద జలాశయం ఎంత పెద్దది కావాలో తేల్చడానికి బ్రిటిష్ జలశాస్త్రవేత్త హెచ్.ఇ. హర్స్ట్ వందల ఏళ్ల నీటిమట్టాల రికార్డులు తిరగేశాడు. వరద ఏళ్లు ఒకచోట, కరువు ఏళ్లు ఒకచోట గుంపుగా వస్తాయనీ, ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా లెక్కేస్తే జలాశయం చాలదనీ 1951లో చూపించాడు. ఆ గుంపుతనాన్ని కొలిచే అంకెకి ఆయన పేరే పెట్టారు.

నలభై ఏళ్ల తర్వాత ఆ అంకె నెట్‌వర్కుల్లో తేలింది. 1989-92 మధ్య అమెరికాలోని టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లో కొలిచిన ఈథర్‌నెట్ (కంప్యూటర్లని కలిపే తీగల నెట్‌వర్క్) రద్దీ మిల్లీసెకన్లలో చూసినా, నిమిషాల్లో చూసినా ఒకే తీరున ఎగుడుదిగుడుగా కనిపించింది. ఎక్కువసేపటి సగటు తీస్తే చదునైపోతుందన్న నమ్మకం అక్కడే పోయింది. నెట్‌వర్క్‌లో మెసేజ్ చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది. అవి తమ వంతు కోసం ఆగే జాగాయే బఫర్. అది నిండితే తర్వాత వచ్చినవి పడిపోతాయి. ఫిన్లాండ్‌కి చెందిన ఇల్కా నోరోస్ 1994లో ఈ పొంగుకి కొత్త లెక్క కట్టాడు. పది లక్షల్లో ఒక్కసారి పొంగే బఫర్‌ని రెట్టింపు చేస్తే, రద్దీ గుంపులుగా రాదనుకునే పాత లెక్కలో అది లక్ష కోట్లలో ఒకటికి తగ్గాలి. గుంపుతనం ఎక్కువై హర్స్ట్ అంకె 0.8 అయితే దాదాపు ఎనిమిది కోట్లలో ఒకటి దగ్గరే ఆగిపోతుంది. బఫర్ పెంచుకుంటూ పోతే క్యూ కూడా పెరుగుతుంది, మాట ఆలస్యంగా చేరుతుంది.

వైర్‌లెస్‌లో చిక్కు రెండింతలు. వచ్చే రద్దీయే కాదు, పోయే దారీ క్షణక్షణం మారుతుంది, పడవలో కదులుతున్న ఫోన్‌కి మరీను. 2003లో డపెంగ్ వూ, రోహిత్ నేగి ప్రతిపాదించిన ‘ఎఫెక్టివ్ కెపాసిటీ’ ఈ సంగతినే పట్టుకుంది: ఆలస్యం ఇంతకు మించకూడదని హద్దు పెట్టుకుంటే, చానెల్ (ఫోన్‌కీ టవర్‌కీ మధ్య రేడియో దారి) నిజంగా మోయగలిగే భారం దాని సగటు వేగం కన్నా తక్కువ. కరెంటు పోయి పక్క టవర్ ఆగితే, ఆ ఊళ్ల ఫోన్లు కూడా ఉన్న టవర్ మీదే పడతాయి.

ఏటిగట్టు ఎంత ఎత్తుండాలన్న మాట వస్తే డెల్టాలో 1986 ఆగస్టు వరదనే తలుస్తారు. ధవళేశ్వరం దగ్గర ఏడాది సగటు ప్రవాహం ఎంతని ఎవరూ అడగరు. లంకల వాళ్లకి కావలసిన లెక్కా అలాంటిదే: వరద రాత్రి ఫలానా టవర్ దగ్గర ఎన్ని ప్యాకెట్లు బఫర్ నిండి పడిపోయాయి, మిగిలినవి ఎన్ని సెకన్లు క్యూలో నిలిచాయి? ఆ వివరాలు తీసి చూపించగలిగేది నెట్‌వర్క్ నడిపే వాళ్లే. అవి బయట పెట్టకుండా సగటు చూపిస్తే, అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు.